అరిగిన అక్షరము, ఊహించిన పాఠము: కడపటి రోమను కంచు నాణెముల గుర్తింపు గ్రంథములపై ఒక విమర్శ

పాఠనిర్ణయము తాళపత్ర గ్రంథములకును, శిలాతామ్ర శాసనములకును మాత్రమే సంబంధించిన పని యని మన పరిశోధక విద్యార్థులలో పలువురు తలంచుచుందురు. శిథిలమైన వ్రాత యెక్కడ నున్నను ఆ పని యుండనే యుండును. పదునారు శతాబ్దుల క్రిందట అచ్చువడి, వేల చేతులలో నలిగి, మంటిలో పడి కిలుము పట్టిన గోరంత కంచుబిళ్లపై మిగిలిన నాలుగైదు అక్షరములను చదువవలసి వచ్చినపుడు, చదివినదెంత, ఊహించినదెంత అను ప్రశ్న మరింత నిష్ఠురముగా ఎదురగును. రోమను సామ్రాజ్యపు కడపటి కాలమునకు, అనగా క్రీ.శ. 4, 5 శతాబ్దులకు చెందిన కంచు నాణెములను గుర్తించుటకై వెలువడిన రెండు ప్రసిద్ధ గ్రంథములను మేము ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. మొదటిది 1960లో లండనులో వెలువడిన 'లేట్ రోమన్ బ్రాంజ్ కాయినేజి'. కార్సన్, హిల్, కెంట్ అను మువ్వురు పండితులు దీని కర్తలు. రెండవది 1961లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరమున జర్మను భాషలో వెలువడిన గీడో బ్రుక్ గ్రంథము. 2014లో దీనికి ఆంగ్లానువాదము కూడ వచ్చినది. ఒకే పనికై ఏడాది యెడముతో పుట్టిన ఈ రెండును చదువరిని రెండు వేర్వేరు త్రోవల నడపును. వానిలో ఏ త్రోవ పరిశోధకునకు శ్రేయస్కరమో తేల్చుటయే మా యుద్దేశము.

ఇది తెలుగు శాఖ వారి పత్రికలో చర్చింపదగినదా అను శంక కలుగవచ్చును. మన కావ్యములందు పరిచితమైన దీనార శబ్దము లాటిను 'దెనారియుస్' నుండి సంస్కృతమునకును, అందుండి మనకును వచ్చినది. నాగార్జునకొండ శాసనమునందు దీనారి మాషకముల ప్రసక్తి కలదు. తెలుగునాట దొరకిన రోమను నాణెములను గూర్చి పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ప్రత్యేక గ్రంథమునే ప్రకటించెను. ఐనను ఆ నాణెములలో అధికభాగము బంగారువి, వెండివి. మేము చర్చించు చిన్న కంచు నాణెములు మనకు పొరుగున, తమిళనాట కరూరు, మధుర ప్రాంతములందును, సింహళ ద్వీపమునందును విస్తారముగా లభించినవి. కరూరు, మధురల నాణెములను కృష్ణమూర్తి 1994లో గ్రంథరూపమున వెలువరించెను. దక్షిణాపథమునకును రోమను ప్రపంచమునకును కడపట ఏ కాలమున రాకపోకలు నడచినవో నిర్ణయించు వాదములు ఈ బిళ్లలపై చదివిన యేండ్లను ఆధారము చేసికొనుచున్నవి. బిళ్లపై చదువు తప్పినచో దానిపై కట్టిన చరిత్రయు తప్పును. అందువలన ఈ గుర్తింపు గ్రంథముల గుణదోషముల విచారణ నాణెములు సేకరించువారి వేడుకకు మాత్రమే సంబంధించినది కాదు.

ముందుగా విషయస్వరూపమును సంగ్రహముగ చెప్పుదుము. క్రీ.శ. 294 ప్రాంతమున డయొక్లీషియను చక్రవర్తి నాణెముల వ్యవస్థను సంస్కరించి, కొలదిగ వెండి కలిపిన పెద్ద కంచు నాణెమును ప్రవేశపెట్టెను. అది దశాబ్దముల క్రమమున చిక్కి చిక్కి, 5వ శతాబ్దినాటికి చింతగింజకంటెను చిన్నదైనది. 498లో అనస్తాసియుస్ మరల పెద్ద కంచు నాణెములను ముద్రించువరకును ఈ స్థితి కొనసాగినది. నడుమ వచ్చిన నాణెములకు ఆనాటివారు పెట్టిన పేర్లలో ఏది దేనికి చెల్లునో నిశ్చయముగ తెలియదు గనుక, పండితులు వ్యాసమును బట్టి నాలుగు పరిమాణములను ఏర్పరచుకొనిరి. 25 మిల్లీమీటర్లకు మించినది మొదటిది. 21 నుండి 25 వరకు రెండవది. 17 నుండి 21 వరకు మూడవది. 17కు లోబడినది నాలుగవది. తెలియని పేరును తెలిసినట్లు వాడుటకంటె కొలిచి చెప్పుట మేలను ఈ వినయము నాణెశాస్త్రమున మెచ్చదగిన లక్షణము. ఈ వినయమునే తక్కిన విషయములందును పాటించిరా అనునది మా ప్రశ్న.

నాణెమును గుర్తించుటకు సాధనములు నాలుగు. బొమ్మవైపు చక్రవర్తి తలయు, దాని చుట్టునుండు పేరును మొదటిది. బొరుసువైపు చిత్రమును, దాని నినాదమును రెండవది. బొరుసున అడుగుగీత క్రింద నుండు టంకశాల గుర్తు మూడవది. పరిమాణమును బరువును నాలుగవది. 330 ప్రాంతమున పశ్చిమమున ట్రియరు, లియోన్, ఆర్లు నగరములు మొదలుకొని తూర్పున అంటియోకు, అలెగ్జాండ్రియాల వరకు పదమూడు టంకశాలలలో ఒకే చిత్రమును ముద్రించుచుండిరి. కావున చిత్రము కాలమును చెప్పును. గుర్తు చోటును చెప్పును. పేరు ప్రభువును చెప్పును. మూడును నిలిచిన నాణెమునకు గుర్తింపు గ్రంథముతో పెద్దగ పనిలేదు. గ్రంథము అవసరమగునది మూడింట రెండు పోయినపుడే. గ్రంథమును తూచవలసిన తక్కెడ ఇదియే యని మా యభిప్రాయము.

మువ్వురు పండితుల గ్రంథము రెండు భాగములు. హిల్, కెంట్‌లు రచించిన మొదటి భాగము 324 నుండి 346 వరకును, కార్సన్, కెంట్‌లు రచించిన రెండవ భాగము 346 నుండి 498 వరకును నడచును. టంకశాలల వరుసను పట్టి, ఒక్కొక్క టంకశాలలో కాలక్రమమున వెలువడిన నాణెములను సంఖ్యలతో పట్టికలుగా కూర్చిరి. సంపుటములకొలది విస్తరించిన విషయమును చేతిలో నిముడు పొత్తమున నిమిడ్చిన ఈ సంక్షేప శక్తి అసామాన్యము. త్రవ్వకములలో వందలకొలది బిళ్లలు బయటపడినపుడు, ఒక్కొక్కదానికి ఒక సంఖ్యను వేసి పట్టిక కట్టుటకు ఇంతకంటె అనుకూలమైన పొత్తము లేకుండెను. నాణెశాస్త్రము అభ్యసింపని పురాతత్త్వజ్ఞునకు సైతము ఇది చేతికఱ్ఱ యైనది. ఈ మేలును మేము తక్కువగా ఎంచుట లేదు.

ఐనను ఈ గ్రంథమునకు ద్వారము టంకశాల. టంకశాల తెలియనిదే తగిన పట్టికకు చేరలేము. నాణెమున ముందుగా నశించునది ఆ గుర్తే. అది అంచున నుండును. బిళ్ల అచ్చుకంటె చిన్నదైనచో మొదలే పడదు. పడినను తొలుత అరుగునది అంచే. కావున ఏది పోయినదో దానినే తాళపుచెవిగా చేసికొన్న యింటి వంటిది ఈ గ్రంథము. సుస్థితిలోని నాణెమునకు ఇది రాజమార్గము, అరిగినదానికి గోడ. గోడ యెదురైన చదువరి చేయునదేమి? సగము కనబడిన గుర్తును పట్టికలోని యేదో యొక గుర్తుతో సరిపుచ్చును. పట్టికలో ఖాళీ గడి లేదు గనుక, అతని మనస్సులోని ఖాళీయు పూడిపోవును.

బ్రుక్ ఈ చిక్కును మొదటనే గ్రహించెను. చెడిపోయిన నాణెములను గుర్తించుటకే తన గ్రంథమని అతడు పేరుననే చెప్పుకొనెను. అతడు వియన్నా నాణెసంగ్రహమును ఆధారముగ గొని, బొరుసు చిత్రమును మొదటి మెట్టుగా పెట్టెను. ఒకే చిత్రము ఏయే టంకశాలలలో ఏయే చిన్న భేదములతో వచ్చినదో, పేరు తల కిరుప్రక్కల ఏ యక్షరముకడ విరిగినదో, గుర్తు ఎట్లమరినదో గీతబొమ్మలతో చూపెను. ఇందు చదువరిని అడుగు ప్రశ్న 'ఇది యేమి' అనునది కాదు. 'ఏమి మిగిలినది' అనునది. ఈ ప్రశ్న మారుటలోనే శాస్త్రదృష్టి యంతయు ఉన్నది. బ్రుక్ గ్రంథమునకును లోపము కలదు. ఒక సంగ్రహమును ఆధారముగ గొన్నది గనుక అందులేనిది ఇందును ఉండకపోవచ్చును. కాలనిర్ణయము దాని ప్రధానోద్దేశము కాదు. ఐనను ఆ లోపములు ఇతర గ్రంథములతో పూరింపదగినవి. మొదటి గ్రంథపు లోపము చదువరి స్వభావమును చెరచునది.

ఉదాహరణములు లేక ఈ మాట నిలువదు. 'గ్లోరియా ఎక్సెర్కిటుస్', అనగా సైన్యకీర్తి, అను నినాదముతో ఇద్దరు సైనికులు ఎదురెదురుగ నిలిచిన నాణెమును గొందము. సైనికుల నడుమ రెండు ధ్వజములున్నచో అది 330 నుండి 335 వరకు గల కాలమునకు చెందును. బరువు సుమారు రెండున్నర గ్రాములు. ఒకే ధ్వజమున్నచో 335 తరువాత 341 ప్రాంతము వరకు గలది. బరువు సుమారు గ్రామున్నరకు దిగినది. అక్షరమొక్కటియు లేకున్నను ధ్వజములను లెక్కించి ఇంతవరకు నిశ్చయముగ చెప్పవచ్చును. చిక్కు బొమ్మవైపు వచ్చును. తండ్రి కాన్‌స్టాంటీనుస్, అదే పేరుగల కుమారుడు, వాని తమ్ములు కాన్‌స్టాంటియుస్, కాన్‌స్టాన్స్ అను నలువురి పేర్లకును లాటిను లిపిలో తొలి యేడక్షరములు సమానము. ఆ యేడక్షరములే మిగిలినపుడు నలువురిలో ఎవరి పేరు వ్రాసినను మూడు వంతులు తప్పునకే అవకాశము. అట్టిచో తలపై నున్నదానిని చూడవలెను. 337లో తండ్రి మరణించువరకును కుమారులు యువరాజులు. సాధారణముగ వారికి ఆకుదండ, తండ్రికి మణిపట్టము. తరువాత మువ్వురును చక్రవర్తులైరి గనుక మువ్వురికిని మణిపట్టమే. కావున ఆకుదండ కనబడినచో 337కు పూర్వమని చెప్పుటకు తగిన ఆధారము దొరకినది. మణిపట్టము కనబడినచో తండ్రియో, చక్రవర్తులైన కుమారులలో ఒకడో అని చెప్పి అచ్చట ఆగవలెను.

ఇక టంకశాల. అడుగుగీత క్రింద 'కాన్స్' అను నాలుగక్షరములు మాత్రము నిలిచినవనుకొందము. ఎవనికైనను తొలుత తోచునది కాన్‌స్టాంటినోపిలు మహానగరమే. మేమును మొదట అట్లే చదివి, ఒక పట్టికలో అట్లే వ్రాసి, తరువాత కొట్టివేయవలసి వచ్చినది. ఏలయన దక్షిణ గాలు దేశములోని ఆర్లు నగరమునకు 328లో కాన్‌స్టాంటీనా అని పేరు పెట్టిరి. 340లో ఆ పేరు తొలగినది. 353లో మరల వచ్చినది. ఆ పేరు చెల్లిన కాలములందు ఆర్లు నాణెములపైనను 'కాన్స్ట్' అనియు, పిమ్మట 'కాన్' అనియు ఉండును. భేదమెట్లు తెలియును? పశ్చిమపు ఆర్లులో కర్మశాలను తెలుపు లాటిను అక్షరము, ప్రథమకు 'పి', ద్వితీయకు 'ఎస్', పేరునకు ముందు నిలుచును. కాన్‌స్టాంటినోపిలున గ్రీకు అక్షరము పేరునకు వెనుక నిలుచును. అనగా మిగిలిన నాలుగక్షరములలో తీర్పు లేదు. వానికి ముందు వెనుకల నున్న ఒక్క అక్షరపు జాడలో తీర్పున్నది. ఆ జాడ లేకున్నచో రెండు నగరముల నడుమ తెలియదని వ్రాయుటయే ధర్మము. ఒకటి సామ్రాజ్యమునకు పడమటి కొనను, ఒకటి తూర్పు రాజధానియందును ఉన్న రెండు టంకశాలలలో ఏది యనుటను బట్టి ఆ నాణెము నడచిన దారియే మారిపోవును.

రెండవ ఉదాహరణము 'ఫెల్ టెంప్ రెపరాటియో', సుఖకాల పునరుద్ధరణము, అను నినాదము. దీని చిత్రములలో మిక్కిలి విరివియైనది, కాలిబంటు ఈటెతో పొడువగా గుఱ్ఱము నుండి కూలుచున్న శత్రువుది. ఆ రౌతు చేయి చాచెనా, గుఱ్ఱపు మెడను పట్టుకొనెనా, నేలపై చతికిలబడెనా అను భేదములను మువ్వురు పండితులు వర్గీకరించి గొప్ప యుపకారము చేసిరి. పేరు అరిగిన నాణెమునకు సైతము రౌతు భంగిమ కొంత మాట్లాడును. తల శూన్యముగ, పట్టము లేక యున్నచో అది యువరాజుది: 351 నుండి 354 వరకు గాల్లుస్, లేదా 355 తరువాత జూలియను. కాన్‌స్టాన్స్ 350లో హతుడాయెను గనుక అతని పేరున్నచో అంతకు పూర్వమే. ఇంతవరకు న్యాయము చక్కగ నడచినది. కాని ఈ నాణెములు మొదలైన యేడేది? 1960 నాటి గ్రంథము 346 అని చెప్పి, తన రెండు భాగములకును ఆ యేటినే యెల్లగా పెట్టుకొన్నది. అందు కర్తయైన కెంట్ తానే 'రోమన్ ఇంపీరియల్ కాయినేజి' ఎనిమిదవ సంపుటమును 1981లో రచించి, ఆ నినాదమును రోమా నగర స్థాపనకు పదునొకండు వందల యేండ్లు నిండిన 348తో ముడిపెట్టెను. ఒకే పండితుడు ఇరువదియొక్క యేండ్లలో రెండేండ్లు జరిగెను.

దీనిని మేము దోషముగ ఎంచము. తన మాటను తాను దిద్దుకొనుట పండిత లక్షణము. దోషమెచ్చట నున్నదనగా, 1960 నాటి పట్టికలో 346 అను అంకె, ప్రభువు మరణసంవత్సరము వలె, ఏ సందేహచిహ్నమును లేక నిలిచినది. ఊహించిన యేడును చదివిన యేడును ఒకే అచ్చులో ఒకే వరుసలో నిలిచినచో చదువరికి భేదమెట్లు తెలియును? ఆ యంకెను నమ్మి ఒక పాతరను 346లో కప్పిరని వ్రాసిన పురాతత్త్వజ్ఞుడు, 1981 తరువాత తన కట్టడమునంతయు రెండేండ్లు జరుపుకొనవలసినవాడయ్యెను. శాసన సంపాదకుడు పోయిన యక్షరమును పూరించునపుడు కుండలీకరణమున నుంచును. అది పాఠకుని యెడ అతడు పాటించు మర్యాద. నాణెముల పట్టికలకు ఆ మర్యాద ఏల వర్తింపరాదు?

మూడవ ఉదాహరణము మనకు మరింత దగ్గరిది. 'సలుస్ రెయిపుబ్లికే', రాజ్యక్షేమము, అను నినాదముతో విజయదేవత ఒక బందీని ఈడ్చుకొనిపోవు చిత్రముగల నాలుగవ పరిమాణపు నాణెము 4వ శతాబ్ది చివర, 5వ శతాబ్ది మొదట విస్తారముగ ముద్రితమైనది. దానిపై సాధారణముగ మిగులునది దేవత రెక్కయు, బందీ వీపును మాత్రమే. ఇందు రెండవ వాలెంటీనియను, థియొడోసియుస్, అర్కాడియుస్, హొనోరియుస్ అందరును ఒకే చిత్రమును వాడిరి. అంతటితో నిలువక, 423 తరువాత రోమాలో యొహాన్నెసును, మూడవ వాలెంటీనియనును అదే చిత్రమును మరల ముద్రించిరి. కావున వాలెంటీనియను అను పేరు స్పష్టముగ చదివినను రెండవ వాడా, మూడవ వాడా అను ప్రశ్న మిగులును. ఇరువురి నడుమ ఒక తరము కాలము కలదు. పేరు పూర్తిగ చదివియు కాలము తెలియకపోవుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. వ్రాత నిలుచుట వేరు, అర్థము నిలుచుట వేరు అను పాఠమును ఈ చిన్న బిళ్ల మనకు నేర్పుచున్నది.

ఇట్టి నాణెములే దక్షిణమున దొరకునపుడు మరి రెండు జాగ్రత్తలు వలయును. మొదటిది: నాణెము పుట్టిన యేడు వేరు, పోయిన యేడు వేరు. కంచు బిళ్లలు ముద్రితమైన తరువాత తరముల తరబడి చెల్లుచుండెను. 4వ శతాబ్ది నాణెము నున్నగ అరిగి దొరకినచో, అది 5వ శతాబ్దిలో ఓడ యెక్కి వచ్చియుండవచ్చును. అరుగుదలయే ఒక సాక్ష్యము. గుర్తింపు గ్రంథము దానిని విఘ్నముగ చూచును, చరిత్రకారుడు దానిని పాఠముగ చదువవలెను. రెండవది: అనుకరణములు. గాలు, బ్రిటను దేశములలో 340లలోను 350లలోను అధికార నాణెములను జూచి స్థానికులు చిన్న బిళ్లలను కొల్లలుగ కొట్టిరి. సింహళమునను రోమను చిత్రములను పోలిన స్థానిక ముద్రలు వెలసినవి. మా యిరు గ్రంథములకును ప్రధాన విషయము అధికార టంకశాలల నాణెములే. అనుకరణమును వానిలో వెదకి 'దగ్గరగ నున్నది' అని ఒక సంఖ్యను తగిలించినచో, లేని చక్రవర్తి శాసనమును, లేని వర్తకమును మనము సృష్టించినవారమగుదుము. అక్షరములు గీతలుగ మారి, రౌతు కాళ్లు కఱ్ఱలుగ మారిన నాణెమును 'చెడిన నాణెము' అనుట పొరపాటు. అది చెడినది కాదు. వేరొక చేతి పని.

మన సాహిత్య చరిత్రలో దీనికి సరియైన పోలిక కలదు. కర్త తెలియని చాటుపద్యము దొరకినచో, ధోరణిని బట్టి శ్రీనాథునకో, తెనాలి రామకృష్ణునకో అంటగట్టుట మన పూర్వులకు అలవాటు. పేరుగలవాని పేర కీర్తి చేరును. పేరులేనివాడు మరుగున పడును. నాణెములందును అంతే. సందిగ్ధమైన 'కాన్‌స్టాన్' లన్నియు తండ్రి కాన్‌స్టాంటీనుసు పేర చేరును. సందిగ్ధమైన 'కాన్స్' లన్నియు మహానగరము పేర చేరును. చదువరి తెలియని చోట తెలిసిన గొప్పపేరును నింపును. చాటువుల విషయమున ఈ యలవాటును నేడు మనము ప్రశ్నించుచున్నాము. ఆ వివేకమే నాణెములయెడను మనలను నడపవలెను.

కావున పరిశోధక విద్యార్థులకు మేము సూచించు క్రమమిది. ఏ గ్రంథమును తెరవకముందే నాణెమును కొలిచి, తూచి, కంటికి కనబడినదానిని మాత్రము వ్రాసికొనవలెను. పోయిన యక్షరమునకు చుక్క నుంచవలెను. పిమ్మట బ్రుక్ గ్రంథముతో చిత్రమునుండి బయలుదేరి, సాధ్యములైన టంకశాలలను, ప్రభువులను అన్నిటిని వ్రాయవలెను, ఒక్కదానిని కాదు. తరువాతనే మువ్వురి పట్టికకు పోయి సంఖ్యను వెదకవలెను. కాలమునకై 'రోమన్ ఇంపీరియల్ కాయినేజి' సంపుటములతో సరిచూడవలెను: 313 నుండి 337 వరకు బ్రూన్ రచించిన ఏడవదియు, 364 నుండి 395 వరకు పియర్స్ రచించిన తొమ్మిదవదియు, తరువాతి కాలమునకు 1994లో కెంట్ రచించిన పదియవదియు కలవు. చివర, చూచినది, ఊహించినది, తేలనిది అని మూడు గడులలో ఫలితమును ప్రకటింపవలెను. మూడవ గడి ఖాళీగ నున్న పట్టికను మేము అనుమానముతోనే చూతుము.

ఒక గ్రంథము నిశ్చయమును నేర్పును, ఒకటి ఎదురుచూపును నేర్పును. నిశ్చయమునకు వేగము కలదు. వందల నాణెములను ఒక దినమున ముగింపవచ్చును. ఎదురుచూపునకు ఓర్పు వలయును; ఒక నాణెమునకే దినము పట్టవచ్చును, పట్టియు తేలకపోవచ్చును. ఐనను తేలలేదని వ్రాసిన వాక్యము వెనుక వచ్చువానికి దారి విడిచియుంచును. ఊహను చదువుగ వ్రాసిన వాక్యము ఆ దారిని మూసి, దానిపై ఒక యింటిని కట్టును. కూల్చువాడు వచ్చువరకును అందరును అందే కాపురముందురు. మువ్వురి గ్రంథమునకు కృతజ్ఞతతో, బ్రుక్ గ్రంథమునకు అగ్రాసనమిచ్చుటకు ఇదియే మా హేతువు.